వెస్టర్న్ జీను కొనేముందు అందరు అడిగే ప్రశ్నలు: మన గుర్రాలకు, మన ఎండలకు ఏది సెట్ అయితది

హనుమకొండ పక్కన ధర్మసాగర్ రోడ్డు మీద మాకు రెండు గుర్రాలున్నయ్, ఒకటి మార్వాడి ఆడ గుర్రం, ఇంకోటి కాఠియావాడి. పొద్దుగాల చెరువు కట్ట దిక్కు తీస్కపోతుంటే ఆపి అడిగేటోళ్ళు గుర్రం సంగతి కన్నా దాని మీదున్న జీను సంగతే ఎక్కువ అడుగుతరు. కరీంనగర్ నుంచి, జనగామ నుంచి, నర్సంపేట నుంచి ఫోన్లు కూడ వస్తయ్. చెప్పిందే మళ్ళ మళ్ళ చెప్తున్న కాబట్టి అన్నీ ఒక్క కాడ రాసి పెడుతున్న. జర పెద్దగనే ఉంటది, కొనేముందు మాత్రం మొత్తం చదువుండ్రి.

వెస్టర్న్ జీను అంటే ఏంది? మన దగ్గర వాడేదానికి దానికి తేడా ఏంది?

మన దిక్కు రెండు రకాలు కనవడ్తయ్. ఒకటి పెండ్లి బరాత్‌ల వాడే కాఠీ, ఇంకోటి పోలీసోళ్ళు, రైడింగ్ స్కూలోళ్ళు వాడే ఇంగ్లీష్ జీను, అది చిన్నగ సన్నగ ఉంటది, ముందట పట్టుకోనీకి ఏం ఉండదు. వెస్టర్న్‌ది పశువుల పనిల పుట్టిన జీను. స్పెయిన్ వాళ్ళు మెక్సికోకు తెచ్చిన జీనును అక్కడి వకేరోలు, అంటే పశువుల కాపర్లు, ఆవుల మందల పనికి తగ్గట్టు మార్చుకున్నరు, వాళ్ళ దగ్గర నుంచి టెక్సస్, కాలిఫోర్నియా కౌబాయ్‌లు నేర్సుకున్నరు. ముందట ఉండే కొమ్ము మనం పట్టుకోనీకి పెట్టింది కాదు, తాడేసి పట్టిన దూడ గుంజుతుంటే ఆ తాడును సుట్టనీకి పెట్టింది. పొద్దంత దాని మీదనే కూసోవాలె కాబట్టి సీటు లోతుంటది, వెనక ఎత్తుంటది, కింద వెడల్పు ఎక్కువ ఉంటది. వెడల్పు ఎక్కువుంటే బరువు వీపు మీద పరుచుకుంటది, ఒక్క కాడ గుచ్చదు. వీపుకు సరిగ్గ కూసుంటేనే ఈ లాభం, లేకుంటే అంత వెడల్పూ తిరగబడ్తది.

మనం ఆవులను తాడేసి పట్టం కదా, మనకెందుకు?

రెండు మూడు గంటలు పొలాల మధ్యన, గుట్టల దిక్కు తిరిగేటోళ్ళకు మంచిది. కొత్తగ నేర్సుకునేటోళ్ళకు, నలభై దాటినంక మొదలువెట్టినోళ్ళకు ధైర్యం ఇస్తది. జంపింగ్ చెయ్యాలంటే మాత్రం వద్దు, కొమ్ము కడుపుల తగుల్తది.

జీను గుర్రానికి చూసి కొనాల్నా, మనిషికి చూసి కొనాల్నా?

ముందు గుర్రం. తర్వాత మనిషి. అందం చివర్న. ఈ వరుస తప్పితే ఎంత పైసలు పెట్టినా దండగే. దీన్ని నేను నా గుర్రాన్ని బాధ పెట్టి నేర్సుకున్న.

మా ఆడ గుర్రం వచ్చిన కొత్తల నేను ఫొటో చూసి ఒక జీను తెప్పిచ్చిన. తోలు మీద పూలు చెక్కి, అంచులకు వెండి రంగు బిళ్ళలు కొట్టి చూడబోతే మస్తుండె. అమ్మినాయన "అన్ని గుర్రాలకు వస్తది" అన్నడు, నేను నమ్మిన. అది ఫుల్ క్వార్టర్ హార్స్ బార్స్ జీను, అంటే అమెరికాల క్వార్టర్ హార్స్ అనే వెడల్పు వీపు గుర్రానికి చేసింది. మా దానిదేమో సన్న వీపు, మూపు కత్తి లెక్క లేసి ఉంటది. పెట్టంగనే జీను ముందటికి ఒరిగి మూపు మీద కూసుంది. నాకు అప్పుడు తెల్వదు, కింద ఇంకో ప్యాడ్ ఏస్తే సరిపోతది అనుకున్న. రెండు వారాలకు జీను పట్టుకొని పోతే చెవులు వెనకకు పెట్టుడు మొదలైంది. తంగు, అంటే జీనును కడుపు కిందికెళ్ళి బిగించే పట్టీ, కడ్తుంటే తిరిగి నా మోచేయి కొరకబోయింది. అన్నాళ్ళు ఎంత సాధువు అది! అందరు "పొగరు పెరిగింది, కొట్టాలె" అన్నరు. నెలకు మూపుకు రెండు పక్కల ఎర్ర బొచ్చు ఊడి, మళ్ళ మొలిచినంక ఐదు రూపాయల బిళ్ళంత కాడ తెల్ల వెంట్రుకలు వచ్చినయ్. ఒత్తిడికి తోలు లోపల రంగు ఇచ్చే భాగం దెబ్బ తింటే అట్ల తెల్లగ వస్తయ్, మళ్ళ ఎర్రగ కావు. ఇప్పటికీ పొద్దుగాల బ్రష్ కొట్టేటప్పుడు ఆ రెండు మచ్చల మీదికి చెయ్యి పోతే నాకు మనసు కలుక్కుమంటది. అది చెవులు వెనకకు పెట్టుడు పొగరు కాదు, నొప్పి అని చెప్పుడు. దానికి చెప్పే తీరు ఇంకోటి లేదు.

ట్రీ, బార్స్, గల్లెట్ అంటరు, ఏంది అవి?

ట్రీ అంటే జీను లోపలి అస్థిపంజరం. పాత పద్ధతిల కట్టెతోని చేసి పచ్చి తోలు తొడుగుతరు, ఇప్పుడు ఫైబర్‌గ్లాస్ పూతతోని, గట్టి ప్లాస్టిక్‌తోని కూడ చేస్తున్నరు. దాంట్ల గుర్రం వెన్నెముకకు రెండు పక్కల పొడుగ్గ పడుకునే రెండు పట్టీలే బార్స్. మన బరువంతా వీపుకు పోయేది వాటి మీదికెళ్ళే. రెండు బార్స్ మధ్యన వెన్నెముక మీద ఉండే ఖాళీ, ముందట మూపు కాడ ఉండే సందు, దాన్నే గల్లెట్ అంటరు. వెన్నెముకకు జీను ఎక్కడా తగలొద్దు, ఆ ఖాళీ ఉన్నదే అందుకు.

సైజు చెప్పేటప్పుడు సెమీ క్వార్టర్ హార్స్ బార్స్ అంటే గల్లెట్ సుమారు 6.5 అంగుళాలు, ఫుల్ క్వార్టర్ అంటే సుమారు 7, బండి లాగే బరువు గుర్రాలకైతే 8 దాకా. ఇక్కడనే జనం మోసపోతరు. ఈ కొలతకు అందరు ఒప్పుకున్న రూలు ఏం లేదు, ఒక కంపెనీ సెమీ ఇంకో కంపెనీ ఫుల్‌కు దగ్గర ఉండొచ్చు. అంకె ఒక్కటే అయినా బార్స్ వాలు ఏటవాలుగ ఉందా, సమంగ పరుచుకున్నట్టు ఉందా అన్నదాన్ని బట్టి మొత్తం మారుతది. చెప్పు నంబర్ 8 అన్నంత మాత్రాన అన్ని కంపెనీల 8 మన కాలుకు పట్టదు కదా, గట్లనే ఇది.

మన దగ్గర ఎక్కువుండే మార్వాడి, కాఠియావాడి గుర్రాలు సన్నగుంటయ్, మూపు ఎత్తు, వీపు పొడుగు తక్కువ. నా అనుభవంల సెమీతోని చూసుడు మొదలువెట్టాలె. అరబ్ బార్స్ అని ఇంకోటి వస్తది, అది పొట్టి వీపుకు చేసిందే గాని వెడల్పు, సమం వీపుకు. మన సన్న మూపు గుర్రానికి పొడుగు సరిపోయినా వెడల్పు ఎక్కువైతది. పొట్టి వీపు అనంగనే అరబ్ జీను కొనకుండ్రి.

గుర్రం వీపు కొలత ఇంట్లనే ఎట్ల తీయాలె?

కరెంటు దుకాణంల దొరికే దొడ్డు అల్యూమినియం తీగ ఒక గజమంత తెచ్చుకోండ్రి, చేతితోని వంచితే వంగాలె, వదిలితే అట్లనే నిలవాలె. గుర్రాన్ని సిమెంటు గచ్చు లెక్క సమం నేల మీద నాలుగు కాళ్ళు సక్కగ పెట్టి నిలవెట్టాలె, తల మరీ లేపొద్దు, మరీ వంచొద్దు. ముందటి భుజం రెక్క ఎముక వెనక అంచు వేళ్ళతోని తడిమి, సుద్దతోని గీత పెట్టుండ్రి. ఆ గీతకు రెండు మూడు వేళ్ళ వెనక తీగను మూపు మీదికెళ్ళి అడ్డంగ ఏసి రెండు పక్కల వీపుకు అంటుకునేటట్టు మెల్లగ నొక్కాలె. సందు లేకుండ అంటినంక అట్లనే తీసి, పెద్ద అట్ట మీద పెట్టి లోపలి అంచు పొంట పెన్సిల్‌తోని గీయాలె. కత్తిరిస్తే అట్ట ముక్క గుర్రం వీపు ఆకారంల వస్తది. బెత్తెడు వెనకకు జరిగి ఒకటి, ఇంకో బెత్తెడు జరిగి ఒకటి, మొత్తం మూడు తీయుండ్రి. వెన్నెముక మీద పొడుగ్గ ఇంకొకటి తీస్తే వీపు గుంత ఉందా సమంగ ఉందా తెలుస్తది.

ఆ అట్టల మీద పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి అమ్మేటాయనకు పంపియ్యండ్రి. "ఈ ఆకారానికి మీ బార్స్ సరిపోతయా, ఒక ఫొటో పెట్టండి" అని అడగుండ్రి. జవాబు చెప్పలేనాయన దగ్గర కొనొద్దు. నా దగ్గర ఆ అట్టలు అల్మారీల తేదీ రాసి ఉన్నయ్, ఎండాకాలం తీసింది, దసరా అయినంక తీసింది పక్కపక్క పెడితే మేత బట్టి వీపు ఎంత మారిందో కళ్ళ ముందట కనవడ్తది.

జీను వచ్చింది. వీపు మీద పెట్టి ఏమేం చూడాలె?

మొదటిసారి ప్యాడ్ లేకుండ పెట్టుండ్రి, తంగు కట్టకుండ్రి, ఎక్కకుండ్రి. జర ముందటికి పెట్టి, బొచ్చు వాలు దిక్కు వెనకకు జరిపితే ఒక కాడ తనంతట తానే ఆగుతది. అదే దాని జాగ. చాలా మంది చేసే తప్పు మరీ ముందటికి, భుజం మీద పెట్టుడు. ముందటి కాలు ఏసినప్పుడల్లా భుజం రెక్క ఎముక వెనకకు జరుగుతది, అక్కడ బార్ అడ్డముంటే అడుగు అడుగుకూ దెబ్బనే. గుర్రం అడుగులు పొట్టిగైతయ్, దిగుడు కాడ తడబడ్తది, మనమేమో నాల తప్పు అనుకొని నాలలు మారుస్తం.

తర్వాత ముందట నుంచి గల్లెట్‌ల చూడుండ్రి. ప్యాడ్ ఏసి, తంగు కట్టి, మనిషి ఎక్కి కూసున్నంక మూపుకు జీనుకు మధ్యన రెండు మూడు వేళ్ళు పట్టాలె. ఎక్కకముందు పట్టి ఎక్కినంక పట్టకపోతే ఆ జీను వెడల్పు ఎక్కువ. ఉల్టా, నాలుగైదు వేళ్ళు పట్టి ముందట లేసినట్టు, సీటు వెనకకు జారినట్టు ఉంటే ఇరుకు. ఇరుకు జీను మూపు పక్కల పట్టకార లెక్క పిండుతది.

ఇగ పక్క నుంచి చెయ్యి. అరచెయ్యి సాపుగ పెట్టి బార్ కిందికి ముందట నుంచి వెనక దాక మెల్లగ జరపాలె. అంతటా ఒక్క తీరు తగలాలె. ముందట గట్టిగ, వెనక గట్టిగ తగిలి నడిమిట్ల చెయ్యి వదులుగ పోతే దాన్ని బ్రిడ్జింగ్ అంటరు, వాగు మీద పలక ఏసినట్టు రెండు అంచుల మీదనే బరువంత ఉంటది. నడిమిట్లనే గట్టిగ తగిలి ముందట వెనక ఊగుతుంటే అది ఇంకో రోగం, గుర్రం నడుస్తుంటే కుర్చీ లెక్క ఊగి నడుమును రాస్తది.

చివర్న పొడుగు. ఆఖరి పక్కటెముకను వేలుతోని పట్టుకొని, అది వంపు తిరిగి వెన్నెముక దిక్కు ఎక్కడికి పోతుందో చూసి అక్కడ సుద్దతోని గీత పెట్టుండ్రి. బరువు పడే బార్ ఆ గీత దాటి నడుము మీదికి పోవద్దు, నడుము కింద ఆసరాగ పక్కటెముకలు ఉండవు. కింద వేలాడే తోలు స్కర్ట్ జర దాటినా నొక్కకుంటే నడుస్తది. మన పొట్టి వీపు గుర్రాలకు మూలలు గుండ్రంగ కోసిన స్కర్ట్ తీస్కోండ్రి, చదరం స్కర్ట్ గుర్రం తిరిగినప్పుడు తుంటి ఎముకకు పొడుస్తది.

చెమట మచ్చ చూసి చెప్పొచ్చు అంటరు, నిజమా?

నిజమే. మన ఎండలకు ఇది సులువు కూడ, ఏప్రిల్‌ల పొద్దుగాల ఆరింటికి అరగంట తిప్పినా చాలు. జీను తీసినంక వీపు మీద తడి రెండు పక్కల ఒక్క తీరు ఉండాలె, నడిమిట్ల వెన్నెముక పొంట పొడి పట్టీ ఉండాలె. తడి మధ్యన అరచెయ్యంత కాడ పొడిగ ఉంటే అనుమానించాలె. అక్కడ ఒత్తిడి ఎక్కువై చెమట గ్రంథులు పని చెయ్యకుండ అయి ఉండొచ్చు, లేకుంటే జీను అసలు తగలకుండ ఉండొచ్చు. ఏదో తెలవాలంటే వేళ్ళతోని నొక్కి చూడాలె, గుర్రం వీపు కిందికి గుంజుకుంటే ఒత్తిడే. బొచ్చు ఉల్టా లేసి రేగినట్టు ఉంటే జీను అక్కడ జరుగుతుంది అని. వాపు గిట్ల కనవడ్తే ఆ రోజు నుంచి జీను బంద్, పశువుల డాక్టర్‌కు చూపియ్యాలె. మా వరంగల్ దిక్కోళ్ళకు మామునూరుల వెటర్నరీ కాలేజీ ఉంది.

జీను సెట్ కాకపోతే మందం ప్యాడ్ ఏస్తే సరిపోదా? గొంగడి ఏస్తే?

ఇరుకు జీను కింద మందం ప్యాడ్ ఏసుడు అంటే ఇరుకు బూటుల రెండు సాక్సులు తొడిగినట్టు, ఇంకా ఇరుకైతది. జర వెడల్పున్న జీనుకు మాత్రం ప్యాడ్‌తోని కొంత సర్దొచ్చు.

ప్యాడ్ అంటే ఉన్ని ఫెల్ట్‌దే తీస్కోండ్రి, మన సయీస్‌లు, అంటే గుర్రాలను చూసుకునేటోళ్ళు, దాన్ని నమ్దా అంటరు, ముప్పావు అంగుళం నుంచి అంగుళం మందం చాలు. ఉన్ని చెమట పీల్సుకుంటది, గాలి ఆడనిస్తది. నియోప్రీన్ రబ్బరు ప్యాడ్ జారదు అని అమ్ముతరు గాని వేడిని లోపలనే పట్టి ఉంచుతది, మే నెలల 44 డిగ్రీలు కొట్టే మన వరంగల్‌ల అది నాకు అస్సలు నచ్చదు.

గొంగడి సంగతి చాలా మంది అడుగుతరు. కురుమోళ్ళు నేసే దక్కనీ గొర్రె ఉన్ని గొంగడి మంచి సరుకు, వానకూ సలికీ తట్టుకుంటది. నేను నాలుగు మడతలు ఏసి నమ్దా మీద ఏస్త, చెమట పీల్సుడు బాగుంటది, ఉతికి ఆరేస్తే మళ్ళ కొత్తదే. కాని ఒక్క గొంగడి మీదనే వెస్టర్న్ జీను పెట్టకుండ్రి, మడత అంచు బార్ కిందికి వస్తే తాడు లెక్క గుచ్చుతది. ఏది ఏసినా సరే, తంగు కట్టే ముందు మూపు కాడ ప్యాడ్‌ను గల్లెట్ లోపలికి పైకి లేపి పెట్టాలె, లేకుంటే గట్టిగ గుంజుకొని మూపును కోస్తది.

నా బరువు ఎంతుంటే ఎక్కొచ్చు? జీను బరువు కూడ లెక్కేనా?

లెక్కనే! ఈ ప్రశ్న అడిగినోళ్ళు తక్కువ, అందరు అడగాల్సింది ఇదే. చాలా చోట్ల పాటించే లెక్క ఏంటంటే గుర్రం బరువుల ఐదో వంతు, అంటే 20 శాతం, మనిషి, జీను, ప్యాడ్ అన్నీ కలిపి. గుర్రం బరువుకు కాంటా ఎక్కడ దొరుకుతది అంటరా, టేపు చాలు. మోచేయి వెనకకెళ్ళి ఛాతి సుట్టు కొలత, భుజం ముందటి మొన నుంచి పిరుదు ఎముక దాక పొడుగు, రెండూ సెంటీమీటర్లల తీయాలె. ఛాతి సుట్టును దాంతోనే గుణించి, పొడుగుతోని గుణించి, 11,880తోని భాగిస్తే సుమారు కిలోలు వస్తయ్. ఛాతి 162, పొడుగు 150 అనుకోండ్రి, 331 కిలోలు. దాంట్ల ఐదో వంతు 66.

ఇప్పుడు తాడేసి పశువులను పట్టే పనికి చేసిన రోపింగ్ జీను అని పెద్దది ఏస్తే దానిదే 18, 20 కిలోలు. మిగిలింది 46. మన దగ్గర 46 కిలోల మొగోడు ఎక్కడున్నడు? అదే 8, 9 కిలోల సింథటిక్ జీను ఏస్తే 57 కిలోల మనిషికి జాగ ఉంటది. అమెరికాల 500 కిలోల క్వార్టర్ హార్స్ మీద ఆ పెద్ద జీను నడుస్తది, ఆ గుర్రం ఐదో వంతే వంద కిలోలు. వీడియోల చూసి అదే మన గుర్రం మీద ఏస్తే అది ఒర్రలేదు కాబట్టి మోస్తది, అంతే. ఎండల, గుట్ట ఎక్కే దారిల, ముసలి గుర్రం మీద ఐదో వంతు కన్నా ఇంకా తక్కువనే పెట్టుకోవాలె. 85 కిలోలున్నోళ్ళు నన్ను అడిగితే నేను ఖుల్లగ చెప్త, ఈ గుర్రం వద్దు, పెద్ద గుర్రం చూస్కోండ్రి అని. కోపానికి వస్తరు, రానీ.

మనిషికి సీటు సైజు ఎట్ల తెలుస్తది?

కొమ్ము కింద ముందటి ఉబ్బు అడుగు నుంచి వెనక ఎత్తు అంచు దాక అంగుళాలల కొలుస్తరు. చిన్న పిల్లలకు 12, 13, సన్నపోళ్ళకు 14, మామూలు మనిషికి 15, దిట్టంగ ఉన్నోళ్ళకు 16, 17. ఇంగ్లీష్ జీను సైజు తెలిసినోళ్ళు దాంట్లకెళ్ళి రెండు అంగుళాలు తీసేస్తే దగ్గర దగ్గర సరిపోతది. కూసున్నంక కడుపుకు ముందటి ఉబ్బుకు మధ్యన బెత్తెడు ఖాళీ ఉండాలె, వెనకది ఆనాలె గాని ఒత్తొద్దు. మరీ పెద్ద సీటు తీస్కుంటే మనిషి వెనకకు జారి నడుము మీద బరువు ఏస్తడు, మళ్ళ బాధ గుర్రానికే.

తోలుది మంచిదా, సింథటిక్ మంచిదా?

మన బరువు లెక్కకు, మన వానలకు సింథటిక్. తోలు అందం వేరు, మన్నుడు వేరు, మంచి తోలు జీను సక్కగ చూస్కుంటే కొడుకు కాలానికి కూడ వస్తది. మన దేశంల కాన్పూర్‌ల తయారైతయ్, కాన్పూర్ సాడిలరీకి (జీను సామాన్లకు) జీఐ, అంటే ఆ ఊరి ప్రత్యేక సరుకు అనే గుర్తింపు కూడ ఉంది, బయట దేశాలకు పోతయ్. కాని అక్కడిదే అని చెప్పి చౌక సరుకు అంటగట్టేటోళ్ళు ఉంటరు, ఊరి పేరు కాదు, ట్రీ చూడాలె.

రోపింగ్, బ్యారెల్, ట్రైల్ అని రకాలుంటయ్, ఏది తీస్కోవాలె?

ట్రైల్. బ్యారెల్ రేసు జీను తేలికుంటది, సీటు లోతు, డ్రమ్ముల సుట్టు జోరుగ తిప్పేటోళ్ళకు. రోపింగ్‌ది బరువు. కటింగ్, రీనింగ్ అని పోటీలకు వేరే ఉంటయ్. మన దిక్కు తిరుగుడుకు ట్రైల్ జీను, అది దొరకకపోతే బ్యారెల్.

సెకండ్ హ్యాండ్ కొంటే ఏం చూడాలె?

ట్రీ ఇరిగిందా లేదా, మొదలు అదే చూడాలె. పై తోలు మెరుస్తుంటది, లోపల ఇరిగి ఉంటది, గుర్రం కింద పడ్డప్పుడో ఆటోల కెళ్ళి జారినప్పుడో అట్ల అయితది. కొమ్మును మీ తొడకు ఆనిచ్చి వెనక ఎత్తును రెండు చేతులతోని మీ దిక్కు గుంజుండ్రి, సీటు నడిమిట్ల మడత పడ్డట్టు వంగితే కొనకుండ్రి. ముందటి ఉబ్బును రెండు మోకాళ్ళ మధ్యన పెట్టి ఒత్తుండ్రి, కదలొద్దు, కిర్రుమనొద్దు. కావాలని వంగే ట్రీలు కొన్ని ఉంటయ్, అవి రెండు పక్కల ఒక్క తీరు వంగుతయ్, ఇరిగింది ఒక్క కాడనే వంగుతది.

తర్వాత తిప్పి జీను అడుగు దిక్కున్న ఉన్ని చూడుండ్రి, అది ఒక పక్క అరిగి ఇంకో పక్క దిట్టంగ ఉంటే జీను వంకర. తంగు గుంజే పట్టీని, దాన్ని లాటిగో అంటరు, మడిచి చూడుండ్రి, పగుళ్ళు కనవడ్తే అది మార్చక తప్పదు. మీ ప్రాణం ఆ ఒక్క పట్టీ మీదనే ఉంటది. అది మాత్రం మన తోలు పని తెలిసినాయన కాడ మంచి తోలుతోని కుట్టిచ్చుకోవచ్చు, మాకు ఒకాయన కుట్టిచ్చిండు, నాలుగేండ్లు అయితుంది.

తంగు ఎంత గట్టిగ కట్టాలె?

మూడుసార్లు కట్టాలె. జీను పెట్టంగనే వదులుగ, పది నిమిషాలు నడిపిచ్చినంక జర గట్టిగ, ఎక్కేముందు ఇంకోసారి. ఒక్కసారే గుంజితే గుర్రం ఊపిరి పట్టి కడుపు ఉబ్బిస్తది, తర్వాత వదిలితే తంగు వదులైతది, ఎక్కేటప్పుడు జీను తిరిగి కడుపు కిందికి పోతది. మోచేయికి బెత్తెడు వెనక ఉండాలె, కట్టినంక ముందటి కాళ్ళు ఒక్కొక్కటి పట్టి ముందటికి సాపితే మడత పడ్డ తోలు సక్కగైతది, పుండ్లు కావు. వెనక తంగు కూడ ఉన్న జీనైతే దాన్ని కడుపుకు ఆనేటట్టు పెట్టాలె, వేలాడదీస్తే వెనక కాలు ఇరుక్కుంటది. ముందు తంగుకు వెనక తంగుకు మధ్యన కలిపే చిన్న పట్టీ తప్పకుండ ఉండాలె, లేకుంటే వెనకది జారి తొడల సందుకు పోతది, గుర్రం ఎగిరి దుంకుతది. దిగినంక మొదలు విప్పాల్సింది వెనక తంగే. ఎత్తు మీద నిలవడి ఎక్కుండ్రి, రాయో గోడో ఏదో ఒకటి, కింద నుంచి వేలాడుకుంట ఎక్కితే మూపు ఒక పక్కకు గుంజుకుంటది.

వెస్టర్న్ జీనుల మోకాళ్ళు నొస్తున్నయ్, ఏం చెయ్యాలె?

కొత్త తోలు జీను రికాబులు గుర్రం పక్కకు అతుక్కొని ఉంటయ్, మనం వాటిని ముందటికి తిప్పి పాదం పెడ్తం, అవి మళ్ళ వెనకకు తిరగాలని చూస్తయ్, ఆ మెలి మొత్తం మోకాలు మీద పడ్తది. ఫెండర్, అంటే రికాబు వేలాడే వెడల్పు తోలు పట్టీ, దాని కింది భాగం తడిపి, రికాబులు రెండూ ముందటికి తిప్పి, రెండిట్ల కెళ్ళి ఒక చీపురు కట్టె దూర్చి రెండు రోజులు అట్లనే నీడకు ఉంచుండ్రి. అట్ల నాలుగైదుసార్లు చేస్తే తోలు ఆ మెలి నేర్సుకుంటది. పొడుగు చూడనీకి రికాబుల మీద నిలవడితే సీటుకు మీకు మధ్యన రెండు మూడు వేళ్ళ సందు రావాలె. చెప్పులతోని ఎక్కొద్దు, మడమ ఉన్న బూటే ఏసుకోవాలె, పాదం రికాబుల కెళ్ళి అవతలికి దూరిపోతే పడ్డప్పుడు గుర్రం ఈడ్సుకుపోతది. హెల్మెట్ అయితే అడగనే అడగొద్దు, పెట్టుకోవాల్సిందే.

వానకాలం జీనుకు బూజు పడ్తుంది.

నేల మీద పెట్టొద్దు, కొమ్ము పట్టి వేలాడదీయొద్దు, గుండ్రటి దుంగ మీదనో స్టాండ్ మీదనో గుర్రం వీపు మీదున్నట్టు పెట్టాలె. పాలిథిన్ కవర్ వద్దు, నూలు చీర కప్పుండ్రి. బూజు కనవడ్తే ఇంటి బయట పొడి బట్టతోని తుడిచి, సాడిల్ సబ్బుతోని కడిగి, నీడల ఆరినంక నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసే తోలు నూనె) పల్చగ పూయాలె. ఎండల పెడితే తోలు అప్పడం లెక్క అయితది. ఇంట్ల మంచినూనె పూయకుండ్రి, చీమలు, ఎలుకలు పడ్తయ్. మా కాడ శ్రావణంల వారానికోసారి జీను గదిల ఫ్యాన్ ఏసి తలుపు తీసి ఉంచుతం.

పెండ్లి గుర్రానికి ఏసుకోవచ్చా?

కొమ్ము మీదికి పెండ్లి పిల్లగాని శేర్వాణి, దండలు ఇరుక్కుంటయ్, డీజేకు గుర్రం బెదిరితే ఆ కొమ్మే కడుపుల పొడుస్తది. మీదికెళ్ళి ముందట ఇంకో పోరన్ని కూసోబెడ్తరు, పైన చెప్పిన ఐదో వంతు లెక్క చూస్కోండ్రి. నా మాటైతే వద్దు.

పిల్లలకు ఏది కొనాలె?

పిల్లగానికి 12 అంగుళాల సీటు కావాలె అని కొంటరు, కింద గుర్రం పెద్దదే అన్నది మర్సిపోతరు. సీటు చిన్నదైనా బార్స్ గుర్రానికి సరిపోవాలె. ఎదిగే వయసు కాబట్టి ఒక అంగుళం ఎక్కువ తీస్కున్నా పరవాలేదు, రికాబులు మాత్రం పాదానికి అందాలె.

ఒక్క జీను రెండు గుర్రాలకు వాడొచ్చా?

మా రెండు గుర్రాల అట్టలు ఒకదాని మీద ఒకటి పెడితే మూపు కాడ రెండు వేళ్ళ తేడా వచ్చింది. మాకు రెండు జీనులున్నయ్.

ఒకసారి సెట్ అయితే ఇగ జన్మంతా అదేనా?

కాదు. గుర్రానికి వెన్నెముక గట్టి పడేవరకు ఐదారేండ్లు పడ్తది, అందాక ఆకారం మారుతనే ఉంటది, నాలుగేండ్ల గుర్రానికి చాలా ఖరీదు జీను కొనొద్దు. పెద్ద గుర్రానికైనా పని పెరిగితే కండ పెరుగుతది, ఎండాకాలం మేత తగ్గితే మూపు పక్కల గుంతలు పడ్తయ్, ఈనినంక ఆడ గుర్రం వీపు వేరే తీరు అయితది. డిసెంబర్‌ల మహారాష్ట్రల నాందేడ్ దిక్కు మాళేగావ్ జాతరల, ఆ రాష్ట్రంలనే ఇంకో దిక్కు సారంగఖేడా గుర్రాల జాతరల గుర్రాలు కొనేటోళ్ళు చాలా మంది అక్కడనే జీను కూడ కొనేస్తరు. ఆ గుర్రాలను అమ్మనీకి బాగ మేపి తెస్తరు, ఇంటికొచ్చిన రెండు నెలలకు వీపు మారుతది. ముందు గుర్రాన్ని తెచ్చి, మన మేతకు మన పనికి అలవాటు చేసి, సంక్రాంతి దాటినంక తీగతోని కొలిచి అప్పుడు జీను తెప్పిచ్చుకోండ్రి. అందాక వీపు మీద ఏం లేకుండ చేత పట్టుకొని నడిపియ్యుండ్రి, అదీ మీకు అలవాటైతది, మీరూ దానికి అలవాటైతరు.